ఒక వెనకద్దం మీద అభియోగపత్రం



అమెరికా దేశం, టెక్సాస్ రాష్ట్రం, హ్యూస్టన్ మహానగరానికి పడమట, ఒకప్పుడు వరి పండి ఇప్పుడు ఇళ్లు పండుతున్న కేటీ శివారులో కాపురముంటున్న ఒక తెలుగు గృహస్థు సవినయంగా చేసుకునే ఫిర్యాదు ఏమనగా:

నా పికప్ ట్రక్కు లోపల వాన కురుస్తున్నది.

ట్రక్కు మీద కురిస్తే నాకు అభ్యంతరం లేదు. అది వాన హక్కు. వెనక సామాన్లు వేసే తొట్టిలో కురిసినా సర్దుకుపోతాను. తొట్టికి కప్పు లేదు, అడుగున నీళ్లు పోయే దారి ఉంది, ఆ విషయంలో వానకూ నాకూ పేచీ లేదు. కానీ సదరు వాన, నేను తలుపులు వేసి, అద్దాలు బిగించి, తాళంచెవి జేబులో వేసుకుని ఇంట్లో కూర్చున్నాక, వెనకద్దం పక్కన ప్రత్యక్షమై, వెనక సీటు తడిపి, సీటు కింద మడుగు కట్టి, తెల్లారేసరికి లోపలి అద్దాలన్నిటికీ ఆవిరి పట్టించి పోతున్నది. ఇది అక్రమ ప్రవేశం, ఆస్తి నష్టం, గృహశాంతికి భంగం. మూడు సెక్షన్లూ పెట్టవలసిందని నా ప్రార్థన.

ముందుగా ఫిర్యాదుదారుడి పూర్వాపరాలు మనవి చేసుకుంటాను. స్వస్థలం అనంతపురం. ఈ ఒక్క ముక్క వినగానే తెలుగు పాఠకుడికి సగం కేసు అర్థమై ఉంటుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన చేతులెత్తేసే జిల్లా అది. హ్యూస్టన్‌లో ఏడాదికి సుమారు 50 అంగుళాలు పడుతుంది, అంటే 1,270 మిల్లీమీటర్లు. రెండు అనంతపురాలు కురిసి ఇంకా మిగులుతుంది. మబ్బు కనిపిస్తే చేతులు జోడించే ఊళ్లో పుట్టినవాడికి, మబ్బు కనిపిస్తే తువ్వాళ్లు పట్టుకుని వాకిట్లోకి పరిగెత్తే గతి పట్టింది. మా నాయనకు ఫోనులో ఈ గోడు వెళ్లబోసుకుంటే ఆయన అంతా నింపాదిగా విని, "ఏమిరా, వాన ఇంటికాడికొచ్చి పడతాంటే దానికీ ఏడిసేదేనా? నీకు వద్దంటే ఇట్ల తోలు, ఈడ బోరు ఎండిపోయి కూర్చోనుండాది" అన్నాడు. కన్నతండ్రి దగ్గరే విచారణకు నోచుకోని కేసు ఇది.

పికప్ ఎందుకు కొన్నావయ్యా అని అడగవచ్చు. టెక్సాస్‌లో పికప్ లేని ఇల్లు ఉంటుంది గానీ పికప్ లేని వీధి ఉండదు. మా వీధి వంతు నేను తీసుకున్నాను. వినాయక చవితికి విగ్రహం తేవాలన్నా, గుడి అన్నదానానికి గంగాళాలు మోయాలన్నా, ఒకరి సోఫా మరొకరింటికి మారాలన్నా చుట్టుపక్కల తెలుగువాళ్లందరికీ నా తొట్టే దిక్కు. ఫోనులో "అన్నా, ఈ శనివారం ఖాళీయేనా?" అన్న పలకరింపు వినబడితే అది నా కోసం కాదు, బండి కోసమని మా ఆవిడకు కూడా తెలుసు.

నిజానికి కొంచెం చిన్న బండి తీసుకుందామనే చూశాను. దొరకలేదు. ఎందుకు దొరకలేదని ఆరా తీస్తే కోడి తేలింది. 1960ల మొదట్లో యూరప్ దేశాలు అమెరికా నుంచి వచ్చే కోళ్ల మీద సుంకం పెంచాయి. ఇదే టెక్సాస్‌లో పుట్టిన అధ్యక్షుడు లిండన్ జాన్సన్ దానికి బదులు తీర్చుకుంటూ కొన్ని సరుకుల మీద సుంకాలు వేశారు. తేలికపాటి ట్రక్కుల మీద 25 శాతం అందులో ఒకటి. 1964లో అమల్లోకి వచ్చింది. కోళ్ల తగాదా చల్లారింది, మిగతా సరుకుల మీద సుంకాలు పోయాయి, ట్రక్కుల మీదది మాత్రం తిష్ఠ వేసింది. పైదేశాల్లో తయారయ్యే చిన్న ట్రక్కులకు ఈ గడప తొక్కడం గిట్టుబాటు కాలేదు. ఆ విధంగా యూరప్‌లో ఎవరో తమ కోళ్లను కాపాడుకున్నందుకు నేను ఇంత పెద్ద బండీ, దానితోపాటు ఇంత వెడల్పు వెనకద్దమూ కొనుక్కోవలసి వచ్చింది. కోడి పేరు చార్జిషీటులో చేర్చమని పట్టుబట్టను. రికార్డులో ఉంటే చాలు.

కొన్నది పాత బండి. గుడ్డిగా కొనలేదు. 2017 ఆగస్టులో హార్వీ తుఫాను వచ్చినప్పుడు ఈ రాష్ట్రంలోనే నెడర్లాండ్ అనే ఊళ్లో 60 అంగుళాలకు పైగా కురిసింది. హ్యూస్టన్ వీధుల్లో బండ్లు కప్పుల దాకా మునిగాయి. అప్పటి నుంచీ ఇక్కడ పాత బండి కొనేవాడు మైలేజీ తర్వాత అడుగుతాడు, ముందు "మునిగిందా?" అని అడుగుతాడు. నేనూ అడిగాను. యాజమాన్య పత్రంలో వరద మాట ఉందేమో వెతికాను. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి బురద గీత కోసం చూశాను. చాపలెత్తి తుప్పు చూశాను. బండి మునగలేదు, పత్రం కడిగిన ముత్యం. వరద నా యాజమాన్యంలోకి వచ్చాకే, సులభ వాయిదాల్లో వచ్చింది.

గరాజులో పెట్టుకోరాదా అని కొందరు దయగలవారు అంటారు. గరాజులో బియ్యం బస్తాలు, టోకు దుకాణం నుంచి తెచ్చిన కాగితం తువ్వాళ్ల గుట్టలు, చవితి మండపం కొయ్యలు, చలికాలం లోపలికి తెచ్చే కరివేపాకు కుండీలు కాపురముంటున్నాయి. అవన్నీ తడవకుండా ఉన్నాయి. ఇంట్లో వాన నుంచి రక్షణ లేని ప్రాణి ఆ బండి ఒక్కటే, దాన్ని నడిపేవాడు రెండోది.

ఇక సాక్షుల వాంగ్మూలాలు.

మొదటి సాక్షి మా అత్తగారు. అమలాపురం దగ్గర నుంచి కూతురిని చూడటానికి వచ్చారు. గుడికి బయల్దేరి వెనక సీట్లో కూర్చుని, దిగేటప్పుడు పట్టుచీర అంచు పిండుకుని, "అల్లుడుగారూ, మీ బండిలో అదో రకం చెమ్మ వాసనేస్తోందండీ. కాస్త సాంబ్రాణి వేయించకూడదా?" అన్నారు. వేయించాను. వారం పాటు బండిలో సాంబ్రాణీ, బూజూ కలిసి కాపురం చేశాయి. చివరికి బూజు మిగిలింది.

రెండో సాక్షి మా ఆవిడ. ఆవిడ మాట ఈ కేసులో కీలకమైనది: "మా ఊళ్లో గోదారి పొంగి ఇంట్లోకి నీళ్లొచ్చినా, ఎటునుంచి వచ్చాయో కళ్లకు కనబడేదండీ. మీ బండిలో నీళ్లు కనబడతాయి, దారి కనబడదు." ఈ మాట అప్పుడు వెటకారంగానే వినబడింది. దర్యాప్తులో ఇదే ఆధారమైంది.

మూడో సాక్షి వాస్తు తెలిసిన మిత్రుడు. మా వాకిట్లో బండి నిలబడే తీరు చూసి, ఫోనులో దిక్సూచి పెట్టి, ముక్కు నైరుతికి, వెనకద్దం ఈశాన్యానికి ఉందని నిర్ధారించాడు. "ఈశాన్యంలో నీరు పరమ శుభం. పొరపాటున కూడా ఆపకు" అన్నాడు. ఆ శుభాన్ని నేను తువ్వాళ్లతో అద్ది, బకెట్లో పిండి, పెరట్లో పారబోస్తూ వచ్చాను.

నాలుగో సాక్షి సూట్‌కేసులో ఎం-సీల్ తెచ్చుకునే పెద్దమనిషి. ఎవరి ఇంట్లో ఏది కారినా పొట్లం విప్పి ముద్ద పిసుకుతూ హాజరవుతాడు. ఐదో సాక్షి సాఫ్ట్‌వేర్ కుర్రాడు. సమస్యంతా శ్రద్ధగా విని, "ఒకసారి తీసేసి మళ్లీ పెట్టి చూడన్నా" అన్నాడు. ఆఫీసులో పాడైన ప్రతిదానికీ వాళ్లు చేసే వైద్యం ఇదే కదా అని అందరూ నవ్వారు. పాఠకులు ఈ సాక్షిని గుర్తు పెట్టుకోవాలి.

సంస్థల సాక్ష్యం కూడా ఉంది. ఒక సర్వీసు సెంటరువారు బండిని ఎండకాసే రోజున తీసుకుని, ఎండకాసే రోజున తిరిగిచ్చి, "కస్టమరు చెప్పిన ఫిర్యాదు మాకు కనబడలేదు" అని కాగితం మీద అచ్చువేసి, కనబడనందుకు రుసుం వసూలు చేశారు. బీమా కంపెనీవారు మర్యాదగా మాట్లాడారు. రాయి తగిలి అద్దం పగిలితే చూసుకుంటారట. పాతబడి కారితే అది అరుగుదల కిందికి వస్తుందట, అరుగుదలకు బీమా ఉండదట. అంటే బండికి నష్టం జరిగినా, ఆ నష్టానికి ఒక రాయి పూచీ పడాలి.

కాలనీ సంఘంవారైతే నా మీదే ఎదురు కేసు పెట్టారు. తడిసిన కార్పెట్టూ, వెనక సీటూ వాకిట్లో ఎండబెట్టినందుకు, "వాహన భాగాలు వీధికి కనిపించేలా ఉంచరాదు" అని ఉత్తరం వచ్చింది. వీధికి కనబడని చోట ఎండ ఎక్కడుందో ఉత్తరంలో రాయలేదు.

ఇక ముద్దాయిలు. మన పత్రికల సంప్రదాయం ప్రకారమే వరస పెడుతున్నాను.

ఏ-1 వెనకద్దం. లోకమంతా వేలెత్తి చూపించేది దీన్నే. ఒకప్పుడు బండి అద్దాలను రబ్బరు పట్టీలో కూర్చోబెట్టేవారు. మన ఊళ్లలో లారీలకూ పాత జీపులకూ చూసిన రబ్బరు బీడింగే. ఎండి బీటలు వారితే బీడింగు మార్చేవాళ్లు, పని అయిపోయేది. ఇప్పటి అద్దాలను ఎక్కువగా యూరిథేన్ అనే జిగురుతో రేకుకు అతికిస్తున్నారు. పైగా నా బండి వెనకద్దం ఒక్క పలక కాదు. అటూ ఇటూ కదలని రెండు పలకలు, మధ్యలో పక్కకు జరిగే కిటికీ. గాలి కోసమని కొందరు, కుక్క తొంగి చూడటానికని కొందరు, పొడుగాటి కర్ర లోపలికి దూర్చడానికని కొందరు దీన్ని మెచ్చుకుంటారు. ఆ జరిగే పలకకు కింద ఒక గాడి ఉంటుంది. వాన పడితే ఆ గాడిలోకి నీళ్లు రావడం మామూలే. వచ్చిన నీళ్లు బయటికి పోవడానికి సన్నటి రంధ్రాలు పెడతారు. మార్చి నెలలో హ్యూస్టన్ ఓక్ చెట్లు ఊరంతా పసుపు పుప్పొడి జల్లుతాయి. ఆ పుప్పొడీ, దుమ్మూ, ఎండుటాకుల పొడీ కలిసి ఆ రంధ్రాల్లో గట్టిపడతాయి. బయటి దారి మూసుకుంటే గాడి నిండుతుంది, నిండితే లోపలికి పొర్లుతుంది. ఇది కాక, ఎండకూ కుదుపులకూ చట్రం మూలల్లో జిగురు వదిలే అవకాశం ఎప్పుడూ ఉంది. టెక్సాస్ ఎండ సంగతి చెప్పనక్కర్లేదు.

ఏ-2 మూడో బ్రేకు లైటు. వెనకద్దానికి సరిగ్గా పైన, కప్పు అంచున, పెద్దమనిషి ఫోజులో కూర్చుని ఉంటుంది. 1986 మోడల్ నుంచి కార్లకూ, 1994 మోడల్ నుంచి తేలికపాటి ట్రక్కులకూ ఎత్తున మూడో బ్రేకు లైటు ఉండి తీరాలని ఈ దేశపు నిబంధన. వెనకవాడు వచ్చి గుద్దకుండా కాపాడటానికి పెట్టిన దీపం, కనుక నిందించాలంటే నోరు రాదు. కానీ దీపం పెట్టాలంటే కప్పు రేకుకు కన్నం చేయాలి. కన్నానికీ దీపానికీ మధ్య ఒక మెత్తటి నురుగు పట్టీ వేస్తారు. ఏళ్ల తరబడి ఎండకు అది నలిగి, అణగి, పొడైపోతుంది. అప్పుడు కప్పు మీది నీళ్లు దీపం చుట్టూ దిగి, లోపలి గుడ్డ కప్పు పైకి చేరి, అక్కణ్ణుంచి వెనకద్దం అంచు దగ్గర బొట్లు బొట్లుగా బయటపడతాయి. చూసినవాడు అద్దం కారుతోందనే అంటాడు.

ఏ-3 గాలి తలుపులు. బండి తలుపు దభీమని వేసినప్పుడు లోపలి గాలి ఎటో ఒకవైపు పోవాలి, లేకపోతే చెవులు గింగురుమంటాయి. అందుకని వెనక గోడలో, సీటు చాటున, రబ్బరు రెక్కలున్న చిన్న కిటికీలు పెడతారు. గాలిని బయటికి పోనిచ్చి నీళ్లను లోపలికి రానివ్వకూడదు. వాటి చుట్టూ ఉన్న పట్టీ చెడితే ఈ నియమం తలకిందులవుతుంది. అవి ఉన్నాయన్న సంగతే చాలామంది యజమానులకు తెలియదు.

ఏ-4 కప్పు అతుకులూ, ఏంటెనా మొదలూ. రేకులు కలిసే గాళ్లలో పూసిన సీలెంట్ పగిలితే అక్కడా దారి దొరుకుతుంది.

ఏ-5 మునుపటి యజమాని. ఈయన పేరు నాకు తెలియదు, తెలిసినా చెప్పను. బండి కారుతోందని ఈయనకు తెలుసు. కారే చోటు వెతకకుండా, హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే సిలికాన్ ట్యూబు తెచ్చి, వెనకద్దం చుట్టూ వేలితో దట్టంగా పూశాడు. పూతను నల్లరంగు పట్టీ కింద దాచాడు. పైకి చూస్తే ముచ్చటగా ఉంది. ఈయన చేసిన అపకారం ఎంతటిదో ముందు ముందు తేలుతుంది.

దర్యాప్తుకు ముందు ఒక సూత్రం మనవి చేయాలి. ఈ వ్యాసమంతా మర్చిపోయినా ఇది ఒక్కటి మర్చిపోకూడదు: నీళ్లు కనబడిన చోటు, నీళ్లు వచ్చిన చోటు ఒకటి కావు. నీరు పల్లానికి పోతుందని చిన్నప్పుడే చదువుకున్నాం. కానీ బండి లోపల నేరుగా పల్లానికి పోదు. రేకు అంచు పట్టుకుని, వైర్ల కట్ట మీదుగా నడిచి, గుడ్డ కప్పులో ఇంకి ప్రయాణం చేస్తుంది. దీపం వత్తి నూనెను లాగినట్టు ఆ గుడ్డా నారా తడిని పక్కకీ, ఒక్కోసారి పైకీ లాక్కుపోతాయి. బండి ముక్కు పైకి పెట్టి ఆపితే ఒక మూల తడుస్తుంది, వాలు మారితే ఇంకో మూల తడుస్తుంది. కప్పులో దాక్కున్న నీరు, సిగ్నల్ దగ్గర బ్రేకు వేయగానే ముందుకు పరుగెత్తి నడిపేవాడి నడినెత్తిన అభిషేకం చేయడం కూడా కద్దు. అప్పుడు ఆ మనిషి ముందద్దాన్ని అనుమానిస్తాడు. సిలికాన్ ట్యూబు అమ్మేవాడికి మరో బేరం తగులుతుంది.

పంచనామా ఇలా జరిగింది. వెనక సీటు విప్పి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పలకలూడదీసి, లోపలంతా పొడిగా తుడిచాం. అద్దం అంచుల వెంట, దీపం కింద, గాలి తలుపుల చుట్టూ ముఖానికి రాసుకునే పౌడరు చల్లాం. పౌడరు మీద నీరు నడిస్తే అడుగుజాడ పడుతుంది. మా అత్తగారి పౌడరు డబ్బా ఖాళీ అయింది, అది ఖర్చుల పద్దులో ఉంది. మా అబ్బాయిని టార్చి ఇచ్చి లోపల కూర్చోబెట్టి తలుపులు మూశాం. కుళాయి దగ్గర మా ఆవిడ, గొట్టం పట్టుకుని నేను.

గొట్టంతో బండిని ఒకేసారి తడిపేస్తే ఏమీ తెలియదు. ముందు కింద నుంచి మొదలుపెట్టాలి. గాలి తలుపుల దగ్గర కాసేపు నిదానంగా పారించి ఆగాలి, లోపల పొడిగా ఉంటే ఒక మెట్టు పైకి, అద్దం కింది అంచుకు, తర్వాత పక్కలకు, తర్వాత పై అంచుకు, ఆఖరున దీపానికీ కప్పుకూ. పై నుంచి మొదలుపెడితే పై నీళ్లన్నీ కిందికి జారి, ఏది ఎక్కడిదో తేలక, అమాయకులు కూడా జైలుకు పోతారు. ఇది సహనంతో కూడుకున్న పని. "వస్తున్నాయా?" అని నేను, "రావట్లేదు నాన్నా" అని వాడు. ఎంతసేపటికీ రావట్లేదంటుంటే అనుమానమొచ్చి తొంగి చూశాను. చెవుల్లో పాటలు, చేతిలో ఫోను, టార్చి ఒళ్లో. సాక్షిని మార్చి మా ఆవిడను లోపల కూర్చోబెట్టాక దర్యాప్తు వేగం పుంజుకుంది.

సబ్బునీళ్ల పద్ధతి కూడా ఉంది. బయటి గాలి లోపలికొచ్చేలా పెట్టి ఫ్యాను పూర్తిగా తిప్పి, అద్దాలు మూసి, గాలి తలుపులకు టేపు వేసి, బయట అనుమానం ఉన్న చోటల్లా సబ్బునీళ్లు రాయాలి. సందు ఉన్న చోట గాలి బయటికొచ్చి బుడగలు లేస్తాయి. గుడ్డల సబ్బుతో ఇంత నిజం బయటపడుతుందని నాకు ఇంతకుముందు తెలియదు.

ఫలితాలు వినండి. ఏ-3 గాలి తలుపులు నిర్దోషులు. ఏ-4 మీద ఆధారాలు చాలలేదు, సంశయ లాభం కింద విడుదల. ఏ-1 వెనకద్దం పాక్షికంగా దోషి: గాడి రంధ్రాలు పూడిపోయాయి, ఎడమ పక్క పై మూల జిగురు వదిలింది. అసలు దోషి ఏ-2. దీపం దగ్గర నీళ్లు పట్టిన కాసేపటికే పౌడరు మీద తెల్లటి దారిలో నల్లటి గీత పడింది. ఆ గీత కప్పు అంచు వెంట నడిచి, వెనకద్దం మూల దాకా వచ్చి, అక్కడ బొట్టయి రాలింది. మా ఆవిడ వాంగ్మూలంలో చెప్పిన కనబడని దారి అదే.

శిక్షల అమలు. ఏ-2ను మరలు విప్పి కిందికి దించాం. పాత నురుగు పట్టీ చేతిలో పొడిపొడిగా రాలింది. చుట్టూ తుడిచి, కొత్త పట్టీ వేసి, మరలు రెండు పక్కలా సమంగా బిగించాం. మరీ బిగిస్తే పట్టీ నలిగిపోతుంది, దీపం చిప్ప పగులుతుంది. కొత్త పట్టీ ఖరీదు ఈ ఊరి హోటల్లో ఒక బిర్యానీ కన్నా తక్కువ. ఏ-1 గాడిని మెత్తటి బ్రష్షుతో కడిగి, రంధ్రాల్లో నైలాన్ దారం దూర్చి పుప్పొడి బయటికి లాగాం. చెంబుతో నీళ్లు పోస్తే బయటికే పోయాయి.

మూల దగ్గర వదిలిన జిగురుకు మాత్రం అద్దాల పనివాడు కావలసి వచ్చాడు. ఏ-5 ఘనకార్యం అప్పుడు బయటపడింది. సిలికాన్ మీద యూరిథేన్ అతుక్కోదు. సిలికాన్ పొర కాస్త మిగిలినా కొత్త జిగురు పట్టు దొరకదు. పైగా కొన్ని రకాల సిలికాన్ గట్టిపడేటప్పుడు వెనిగర్ వాసన వేస్తుంది. వాసనకు కారణమైన ఆ ఆమ్లమే, రంగు లేచిన ఇనుము దొరికితే తుప్పుకు దారి తీస్తుంది. అద్దం విప్పి చూస్తే పూత కింద ఎర్రటి మరకలు. పనివాడు పూతంతా గీకి, తుప్పు రుద్ది, ప్రైమర్ వేసి, కొత్త యూరిథేన్ గీత పెట్టి అద్దాన్ని తిరిగి కూర్చోబెట్టాడు. గీకడానికి పట్టిన సమయం అతికించడానికి పట్టలేదు. కూలి డబ్బుల్లో ఎక్కువ భాగం నేను పూయని పూతకే పోయింది. వెళ్తూ వెళ్తూ, జిగురు ఆరేదాకా ఒక కిటికీ వేలెడంత తెరిచి ఉంచమనీ, తలుపు దభాలున వేస్తే లోపలి గాలి జిగురును బయటికి తోస్తుందనీ చెప్పాడు.

ఇందులో ఉన్న ప్రకృతి హాస్యం కూడా వినదగ్గది. సదరు యూరిథేన్ గట్టిపడటానికి గాలిలోని తేమే కావాలట. నీళ్లను ఆపడానికి పెట్టిన జిగురు, ముందు తానే కాసిన్ని నీళ్లు తాగి గానీ పని మొదలుపెట్టదు. అనంతపురం ఎండాకాలంలో అయితే అది నీళ్ల కోసం ఎదురుచూస్తూ కూర్చునేది. హ్యూస్టన్‌లో దానికి దాహం బాధ లేదు. ఈ ఊరి తేమ నాకు చేసిన ఉపకారం ఇదొక్కటే.

సాఫ్ట్‌వేర్ కుర్రాడికి కబురు పంపాం. దీపాన్నీ, అద్దాన్నీ తీసి మళ్లీ పెట్టడమే వైద్యమైంది. అతను ఆశ్చర్యపోలేదు.

నష్టపరిహారం పద్దు ఇంకా ఉంది. కార్పెట్టు కింద దళసరి నార పరుపు ఒకటి ఉంటుంది. పైన చెయ్యి పెడితే ఆరినట్టే ఉంటుంది, కింద పిండితే నీళ్లొస్తాయి. తడిసినదాన్ని 24 నుంచి 48 గంటల్లోపు ఆరబెట్టకపోతే బూజు పట్టే ప్రమాదముందని ఇక్కడి పర్యావరణ రక్షణ సంస్థ చెబుతుంది. ఆ గడువు నేను బండి కొనకముందే దాటి ఉంటుంది. సీటు కింద వైర్ల జోడింపులు, పాటల యాంప్లిఫైయరు ఉన్నాయి. తడి వాటికి తగిలితే పచ్చటి చిలుము పట్టి, ఉన్నట్టుండి పాటలు ఆగిపోతాయి, లేని హెచ్చరిక దీపాలు వెలుగుతాయి. నీళ్ల నుంచి రక్షణ కోసమని నేను కొన్న రబ్బరు చాపల సంగతి చెప్పాలి. బురద కాళ్ల నీళ్లు కిందికి పోకుండా ఆపుతాయని కొన్నాను. కప్పు నుంచి దిగి చాప కిందికి చేరిన నీళ్లు పైకి ఆరిపోకుండా అవే కాపలా కాశాయి.

కనుక న్యాయస్థానం వారు, అంటే పాఠకులు, ఈ క్రింది విధంగా తీర్పు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఏ-1 గాడికి ఏటా రెండుసార్లు, అందులో ఒకటి తప్పనిసరిగా పుప్పొడి కాలం ముగిశాక, శుద్ధి. ఏ-2కు కొత్త పట్టీతో పాటు జీవితకాల నిఘా. కాలనీ సంఘంవారు కార్పెట్టు ఆరే వరకు కళ్లు మూసుకోవాలి. సర్వీసు సెంటరువారు ఇకపై కారే బండిని పరీక్షించేటప్పుడు, ఆకాశం సహకరించని రోజుల్లో, కుళాయి సహాయం తీసుకోవాలి. ఏ-5 పరారీలో ఉన్నాడు. దొరికితే ఒక బ్లేడు ఇచ్చి, ఏదో ఒక అద్దం చుట్టూ ఉన్న సిలికాన్ అంతా వేలితో తడిమినా తగలనంత వరకు గీకించాలి.

పాఠకులకు చివరి మనవి. మీ బండి కేటీలో ఉన్నా, కడపలో ఉన్నా, వెనక సీటు తడిస్తే ముందు అద్దాన్ని తిట్టకండి, తడిసిన చోట ఏదీ పూయకండి. చాపలెత్తి ఆరబెట్టండి. పౌడరు చల్లి, కింద నుంచి పైకి నీళ్లు పట్టి, దారి దొరికాక అప్పుడు చెయ్యి పెట్టండి. బండి అమ్మేటప్పుడు అది కారుతుందని కొనేవాడికి నోరు తెరిచి చెప్పండి. సిలికాన్ ట్యూబుకు డబ్బులు పెట్టాలి. నీళ్ల గొట్టం మీ పెరట్లో ఊరికే పడి ఉంది.